బీరువాలో ఉన్నదాంతోనే ఓల్డ్ స్కూల్ లోలిటా గౌను: ఆదోని, ఎమ్మిగనూరు అమ్మాయిల కోసం

ఈ ఎపిసోడ్‌లో ఒక గౌను గురించి మాట్లాడుకుందాం. జపాన్‌లో పుట్టిన లోలిటా ఫ్యాషన్ అనే ముస్తాబు ఒకటి ఉంది. అందులో పాత తరహా దాన్ని ఓల్డ్ స్కూల్ అంటారు. దాన్ని బయట కొనకుండా, ఇంట్లో బీరువాలో ఉన్న గుడ్డలతో, మన ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో దొరికే సామానుతో ఎట్ల కూర్చుకోవచ్చో ఈ రోజు చూద్దాం.

మన దిక్కు ఆడపిల్లకు గౌను ఒక వయసు దాకానే. పెద్దమనిషి అయిందంటే చాలు, కుచ్చుల గౌన్లన్నీ మూటకట్టి చెల్లెలికో, అక్క కూతురికో ఇచ్చేస్తారు. ఆ తర్వాత లంగా వోణీ, చుడీదార్, పెళ్ళయితే చీర. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, డిగ్రీ అయిపోయి ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి, "నాకు ఫ్రిల్లుల గౌను కుట్టించుకోవాలని ఉంది" అంటే, "ఇంకా చిన్నపిల్లవా నువ్వు?" అని నవ్వుతారు. ఇష్టమున్నవాళ్ళు ఫోన్‌లో ఫోటోలు చూస్తారు, ధర చూస్తారు, ఫోన్ పక్కన పెట్టేస్తారు. అడ్డం వచ్చేవి రెండు: ఒకటి డబ్బు, రెండోది నలుగురి మాట. ఓల్డ్ స్కూల్ పద్ధతి ఈ రెండింటికీ కొంత దారి చూపిస్తుంది. ఎట్లనో చెప్తాను.

ముందు ఆ పేరు సంగతి

లోలిటా అనే పేరు వినగానే చదువుకున్నవాళ్ళకు 1955లో వచ్చిన నబకోవ్ నవల గుర్తుకొస్తుంది. ఆ కథకూ ఈ బట్టలకూ సంబంధం లేదు. జపాన్ అమ్మాయిలు ఆ మాటను ముద్దుగా, బొమ్మలాగ, పాతకాలపు దొరసానమ్మలాగ ఉండే బట్టలకు పేరుగా వాడుకున్నారు. చూస్తే మీకే అర్థమవుతుంది. మెడ దాకా బొత్తాలు, మోకాలు దాకా గౌను, కింద పొడుగు సాక్సులు, లోపల లంగా, దాని లోపల ఇంకొక నిక్కరు. ఒళ్ళు చూపించడం ఇందులో లేదు. మగవాళ్ళకు నచ్చాలని వేసుకునేది అసలే కాదు. తన ఇష్టానికి తాను ముస్తాబు చేసుకునే పెద్ద ఆడవాళ్ళ ఫ్యాషన్ ఇది. జపాన్‌లో దీనికి బాగా పేరున్న మోడల్ మిసాకో అఓకి వృత్తికి నర్సు. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ఆమెను ఈ ఫ్యాషన్ తరఫున ప్రతినిధిగా వేరే దేశాలకు పంపింది.

అయినా ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఉత్త ఆ ఒక్క పేరు కొట్టకండి. పక్కన ఫ్యాషన్ అనో, ఓల్డ్ స్కూల్ అనో, హరాజుకు అనో తప్పకుండా చేర్చండి. ఇంట్లో అమ్మకు చెప్పేటప్పుడు పేరుతో పని లేదు. "కుచ్చుల గౌను, బుట్ట చేతులు, మెడ దాకా కాలరు" అనండి. ఆమెకు అర్థమయ్యే మాటలు అవే, నిజం కూడా అదే.

పాత తరహా అంటే ఏంది?

కథ 1970లలో మొదలవుతుంది. టోక్యోలో హరాజుకు అనే పేట ఉంది. 1970లో అక్కడ మిల్క్ అనే అంగడి పెట్టారు. లేసులు, ఫ్రిల్లులు పెట్టిన ముద్దు ముద్దు బట్టలు అమ్మేవాళ్ళు. 1988లో బేబీ ద స్టార్స్ షైన్ బ్రైట్, 1993లో మెటామార్ఫోజ్ వచ్చాయి. 1999లో మానా అనే రాక్ సంగీతకారుడు నల్ల బట్టలతో మోయ్ మెమ్ మొయిటియే అనే కంపెనీ పెట్టాడు. 1990ల నుంచి 2000ల మధ్య దాకా వేసుకున్న తీరునే ఇప్పుడు ఓల్డ్ స్కూల్ అంటున్నారు. ఆ తర్వాత కేకులు, గుర్రాలు, కోటలు అచ్చు వేసిన ప్రింట్ గౌన్లు వచ్చాయి. గౌను బాగా ఉబ్బింది, ధర కూడా ఉబ్బింది.

పాత తరహాలో ప్రింట్లు తక్కువ. ఒకే రంగు ముతక నూలు గుడ్డ, దాని మీద తెల్ల నూలు లేసు, అంతే. నలుపు తెలుపు, గులాబీ తెలుపు, నీలం తెలుపు, ముదురు ఎరుపు తెలుపు. ఎంత చూసినా రెండు రంగులే.

అప్పట్లో ఈ బట్టలు దొరికే అంగళ్ళు కొన్నే. అందుకని చాలామంది ఇంట్లో కుట్టుకునేవాళ్ళు. 2001లో గోతిక్ అండ్ లోలిటా బైబిల్ అనే పత్రిక మొదలైంది. పేరు చూసి మతం పుస్తకం అనుకోకండి, ఫ్యాషన్ పత్రికే. అందులో ఫోటోలతో పాటు కత్తిరింపు కొలతలు, కుట్టు నమూనాలు కూడా ఇచ్చేవాళ్ళు. అంటే ఈ ఫ్యాషన్‌కు పెద్ద పత్రికే "ఇదిగో, మీరే కుట్టుకోండి" అని చెప్పింది. కాబట్టి ఇంట్లో కుట్టుకున్నది నకిలీ, కొన్నది అసలు అనే మాట ఇక్కడ చెల్లదు. పాత తరహాలో ఇంటి కుట్టు కూడా అసలుదే.

ఇంకొక సంగతి. 2004లో కమికాజీ గర్ల్స్ అని జపాన్ సినిమా ఒకటి వచ్చింది. నోవాలా తకెమొతో 2002లో రాసిన నవల ఆధారంగా తీశారు. అందులో మొమోకో అనే అమ్మాయి ఉండేది టోక్యోలో కాదు, షిమొత్సుమా అనే ఊర్లో. చుట్టూ వరి పొలాలు. ఆ పొలాల మధ్య ఫ్రిల్లుల గౌను వేసుకుని, గొడుగు పట్టుకుని నడిచిపోతుంటాది. ఊర్లో అందరూ వింతగా చూస్తుంటారు. ఆ అమ్మాయి చేతిలో ఉన్న విద్య ఎంబ్రాయిడరీ. కథలో ఆమెకు గౌరవం తెచ్చిపెట్టేది ఆ సూదీ దారమే. మన పత్తి చేల మధ్య ఊర్లకు ఇంత దగ్గరి కథ ఇంకేం ఉంటాది?

మన దగ్గర ఏముంది?

ఒక పెద్ద కంపెనీ గౌను కొత్తది కొనాలంటే 25,000 నుంచి 40,000 యెన్ల దాకా ఉంటాది. మన రూపాయల్లో చిన్నదే 10,000 దాటిపోతుంది. పోస్టు ఖర్చు, కస్టమ్స్ వేరే. అది గౌను ఒక్కదానికే. జాకెట్టు, లంగా, సాక్సులు, చెప్పులు అందులో రావు. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చేవి ఇంకొక రకం. మెరిసే శాటిన్, గుచ్చుకునే నైలాన్ లేసు, నాటకం వేషంలాగ ఉంటాయి. ఒక్కసారి వేసుకుని చూస్తే రెండోసారి వేసుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మన ఊర్లు చూడండి. ఆదోని అంటేనే పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు, బట్టల అంగళ్ళు. బట్టల వ్యాపారం చూసే కదా దీన్ని రెండో బొంబాయి అన్నది. అక్కడికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఊరు అది. జపాన్ అమ్మాయిలు వెతుక్కుని కొనే దళసరి నూలు గుడ్డ మనకు కొత్త వస్తువేమీ కాదు.

బుట్ట చేతులు కూడా మనకు కొత్త కాదు. 1950ల నాటి తెలుగు సినిమాల్లో హీరోయిన్ల జాకెట్లు చూడండి. మీ అవ్వ పెళ్ళి ఫోటో ఉంటే తీసి చూడండి, అందులో కూడా ఉండొచ్చు. ఉబ్బిన చెయ్యి, కింద బిగింపు పట్టీ. విలాయతీ దొరసానుల గౌన్లలో ఉన్నదీ అదే. లోలిటా ఫ్యాషన్ కూడా ఆ పాత విలాయతీ గౌన్ల నుంచే రూపం తీసుకుంది. జాకెట్లు కుట్టే టైలరక్కకు "బుట్ట చేతులు పెట్టక్కా" అంటే ఇంక ఫోటో చూపించే పని లేదు.

ఆకారం ముందు, అలంకారం తర్వాత

బీరువా తెరిచే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ముస్తాబును గుర్తుపట్టేది ఆకారాన్ని బట్టి. లేసు ఎంత ఉంది అన్నది తర్వాత. నడుము దగ్గర సన్నగా మొదలై, గంటలాగ విచ్చుకుని, మోకాలి దగ్గర ఆగాలి. పాత తరహాలో ఆ గంట మరీ ఉబ్బదు. మనకు అదే మంచిది, నెట్టు తక్కువ పడుతుంది, ఉక్క కూడా తక్కువ.

కావాల్సినవి ఏడు: మెడ దాకా ఉండే జాకెట్టు, కుచ్చుల స్కర్టు లేదా చేతుల్లేని గౌను, లోపలి లంగా, లోపలి నిక్కరు, తలకు పట్టీ, పొడుగు సాక్సులు, బెల్టు బూట్లు. ఒక్కొక్కటీ చూద్దాం.

జాకెట్టు

బీరువాలో తెల్ల చొక్కా ఉందేమో చూడండి. కాలేజీ యూనిఫాం చొక్కా, నూలు షర్టు, ఏదైనా సరే. పలచగా ఉండి లోపల కనపడితే లైనింగ్ వేయించండి. దానికి మూడు మార్పులు చాలు. మొదటిది కాలరు. మొనలున్న కాలరు తీసేసి గుండ్రంగా, అరచందమామలు రెండు పక్కపక్కన పెట్టినట్టు కత్తిరించి వేయించండి. దాన్నే పీటర్ పాన్ కాలరు అంటారు, గౌన్లు కుట్టే టైలర్లందరికీ తెలిసిన పేరే. రెండోది చెయ్యి. పొడుగు చెయ్యి ఉంటే మోచేతి పైన కత్తిరించి, మిగిలిన గుడ్డతో బుట్ట చెయ్యి కుట్టించండి. మూడోది బొత్తాల పట్టీకి రెండు పక్కలా సన్న లేసు. అంతకన్నా వద్దు.

ఒక హెచ్చరిక. యూనిఫాం చొక్కాను యూనిఫాంలాగే వదిలేయొద్దు. ఇది బడిపిల్ల వేషం కాదు, పెద్దవాళ్ళ ముస్తాబు. కాలరు, చెయ్యి మారితే ఆ పోలిక పోతుంది.

స్కర్టు

ఇక్కడ చీర కావాలి. అమ్మదో అవ్వదో పాత నూలు చీర. పట్టు వద్దు, జరీ అంచు వద్దు, పెద్ద పూలు వద్దు. ఒకే రంగు, కొంచెం దళసరి. నూలో కాదో తెలియకపోతే ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితంలాగ కాలి బూడిద అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండలాగ అవుతుంది.

కత్తెర పట్టే ముందు ఇంట్లో అడగండి. ఇది చిన్న మాట కాదు. పాతగా, మాసిపోయినట్టు ఉన్న చీర మీకు ఉత్త గుడ్డే కావచ్చు. వాళ్ళకు అది పుట్టింటోళ్ళు పెట్టిన చీర కావచ్చు. మడతల దగ్గర చిరిగిపోయి, ఇంక కట్టుకోలేరు అన్నదాన్నే అడగండి. "పారేయకుండా వేసుకుంటాను" అంటే చాలామంది ఇస్తారు. చిరిగిన చోటు వదిలేసి మిగతాది తీసుకుంటే సరిపోతుంది.

లెక్క చెప్తాను. నడుము 28 అంగుళాలు అనుకుందాం. కుచ్చు బాగా రావాలంటే గుడ్డ చుట్టుకొలత నడుముకు మూడింతలు, అంటే 84 నుంచి 88 అంగుళాలు ఉండాలి. స్కర్టు మొత్తం పొడవు 22 అంగుళాలు. మీ మోకాలు చూసుకుని ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ చేసుకోండి. ఇందులో పైన 18 అంగుళాల కుచ్చు భాగం, కింద 4 అంగుళాల ఫ్రిల్లు. చీర అయితే పొడవు దిక్కున 88 అంగుళాలు కత్తిరించుకోండి, వెడల్పులో 20 అంగుళాలు తీసుకోండి. కుట్లకు పోను 18 మిగులుతుంది. అతుకు ఒక్కటే వస్తుంది, వెనక వైపు పెట్టుకుంటే కనపడదు. మిగిలిన గుడ్డతో నడుము పట్టీ, తలపట్టీ, నిక్కరు కూడా వస్తాయి. చీర లేకుండా అంగట్లో కొంటే 44 అంగుళాల పన్నా గుడ్డ రెండు మీటర్లు చాలు.

ఫ్రిల్లుకు ఒక ఉపాయం ఉంది. ఫ్రిల్లు గుడ్డ చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లు, అంటే 132 అంగుళాలు, దగ్గర దగ్గర మూడున్నర మీటర్లు కావాలి. అంత పొడుగు పట్టీ సమానంగా కత్తిరించడం కష్టం. చీరలకు వేసే ఫాల్ తీసుకోండి. మ్యాచింగ్ సెంటర్లో అన్ని రంగుల్లోనూ దొరుకుతుంది. ముందే సమానంగా కత్తిరించిన పట్టీ అది, వెడల్పు కూడా ఫ్రిల్లుకు సరిపోతుంది. రెండు ఫాళ్ళు కలిపి అతికితే ఒక ఫ్రిల్లు. నూలు ఫాలే అడగండి. కుట్టే ముందు నీళ్ళలో తడిపి ఆరేయండి, కుదించుకుపోయేది ముందే కుదించుకుపోతుంది. అంచు మడిచి కుట్టే బదులు చీరలకు చేసినట్టు పీకో చేయించండి. పని తొందరగా అవుతుంది, అంచు కూడా తేలిగ్గా ఉంటుంది.

కుచ్చు పోయడం తెలియనివాళ్ళకు: మిషను మీద పెద్ద కుట్టు పెట్టి, గుడ్డ పై అంచున రెండు వరసలు కుట్టండి. చివర్ల దారాలు వదిలేయండి. రెండు వరసల్లోనూ కింది దారాలు కలిపి మెల్లగా లాగితే గుడ్డ కుచ్చులుగా ముడుచుకుంటుంది. నడుము కొలతకు వచ్చేదాకా లాగి, కుచ్చులు సమానంగా సర్ది, పట్టీ వేయండి. ముందు వైపు చదునైన పట్టీ, వెనక వైపు ఎలాస్టిక్ పెడితే లావైనా సన్నబడినా అదే స్కర్టు సరిపోతుంది.

లేసు

చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. ఫ్యాన్సీ అంగడికి పోతే మెరిసే లేసే ముందు చూపిస్తారు. అది పక్కన పెట్టి నూలు లేసు అడగండి. తెలుపో, పాల మీగడ రంగో. చేత్తో పిసికితే మెత్తగా ఉండాలి, గరగర అనకూడదు. స్కర్టు మీద ఒక వరస వేయాలంటే 88 అంగుళాలు, అంటే రెండుంబావు మీటర్లు. రెండు వరసలకు నాలుగున్నర. ఒక వరస ఫ్రిల్లు అతుకు మీద, ఇంకొకటి దానికి రెండు అంగుళాల పైన. మూడో వరస వేయాలనిపిస్తే ఒక రాత్రి ఆగి, పొద్దున చూసి నిర్ణయించుకోండి.

నల్ల గుడ్డ, ముదురు ఎరుపు గుడ్డ రంగు దిగుతాయి. లేసు కుట్టే ముందు తెల్ల గుడ్డ తడిపి దాని మీద రుద్ది చూడండి. రంగు అంటితే రెండు మూడు సార్లు ఉతికి, రంగు ఆగిన తర్వాతనే లేసు వేయండి. కుట్టిన తర్వాత లేసుకు రంగు అంటితే కష్టమంతా పోయినట్టే.

లోపలి లంగా, నిక్కరు

ఆకారం నిలబెట్టేది ఇదే. చీర కింద వేసుకునే పాత నూలు లంగా తీసుకోండి. స్కర్టు కంటే రెండు అంగుళాలు పొట్టిగా, 20 అంగుళాలకు కత్తిరించండి. కింది సగంలో క్యాన్‌క్యాన్ నెట్టు కుచ్చులు పోసి రెండు వరసలు కుట్టండి. లెహంగాల కోసం ఇప్పుడు అన్ని బట్టల అంగళ్ళలోనూ అమ్ముతున్నారు. నెట్టు అంచు కాళ్ళకు గీసుకుంటుంది కాబట్టి దానికి నూలు పట్టీ చుట్టేయండి.

నెట్టు వద్దు, ఉక్క పోస్తుంది అనేవాళ్ళకు మన పాత మందు ఉంది, గంజి. రెండు నూలు లంగాలకు చిక్కటి గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఒకదాని మీద ఒకటి వేసుకోండి. పాత తరహా గంట ఆకారానికి అది చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నెట్టు జోలికే పోవద్దు. ఈ ముస్తాబుకు మన దగ్గర మంచి కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా.

నిక్కరుకు పాత పటియాలా ప్యాంటు మోకాలి పైకి కత్తిరించి, కింద ఎలాస్టిక్, లేసు వేస్తే అయిపోయింది. ఇది అలంకారం కోసం కాదు. గాలి వచ్చినా, మెట్లు ఎక్కినా, బస్సు ఎక్కినా నిశ్చింతగా ఉండటానికి. దీన్ని మాత్రం వదిలేయొద్దు.

తల, కాళ్ళు

పాత తరహాకు గుర్తు తలపట్టీ. 12 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు గుడ్డ, లోపల కాలర్లకు వేసే బక్రం, రెండు అంచులకూ కుచ్చు పోసిన లేసు, రెండు చివర్లా రిబ్బను. నడినెత్తి మీద అడ్డంగా పెట్టుకుని గడ్డం కింద ముడి వేసుకోవాలి. స్కర్టు గుడ్డలో మిగిలిన ముక్కతోనే వస్తుంది. జుట్టు వదిలేసుకోవచ్చు, రెండు జడలు వేసుకోవచ్చు. బొట్టు పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోండి. హిజాబ్ వేసుకునేవాళ్ళు దాని మీదనే ఈ పట్టీ పెట్టుకోవచ్చు. వేరే దేశాల్లో అట్ల వేసుకుంటున్న అమ్మాయిలు ఉన్నారు, చక్కగా కుదురుతుంది.

కాళ్ళకు తెల్లవో నల్లవో మోకాలి దాకా వచ్చే సాక్సులు. బూట్లు గుండ్రటి ముక్కు, పైన అడ్డంగా ఒక బెల్టు ఉండే నల్ల బూట్లు. చెప్పుల అంగట్లో బడి మొదలయ్యే నెలల్లో పెద్ద సైజులు కూడా దొరుకుతాయి. హై హీల్స్, మెరుపు చెప్పులు దీనికి కుదరవు. గాజులు ఒకటి రెండు చాలు, ముత్యాల దండ ఒకటి ఉంటే బాగుంటుంది.

అద్దం ముందు

అన్నీ వేసుకున్నాక అద్దంలో ముందు నుంచి కాదు, పక్క నుంచి చూసుకోండి. గంట ఆకారం ఉందా? లోపలి లంగా కింద నుంచి తొంగి చూస్తోందా? రంగులు రెండే ఉన్నాయా? మూడో రంగు కనపడితే అది తీసేయండి. మెరిసేది ఏదైనా ఉంటే అదీ తీసేయండి. పాత తరహాలో తీసేయడం కూడా కుట్టడం అంత పనే.

రెండు ప్రమాదాలు చెప్పి తీరాలి. నెట్టు నైలాన్‌ది, నిప్పు తగిలితే ఒంటికి అంటుకుంటుంది. వేసుకుని గ్యాస్ స్టవ్ దగ్గరికి, దీపాల దగ్గరికి పోవద్దు. బండి వెనక కూర్చుంటే స్కర్టంతా ఒళ్ళోకి లాక్కుని పట్టుకోండి. చున్నీలు చక్రంలో పడి ఏమవుతుందో మనకు తెలిసిందే. ఆటోనో బస్సో ఎక్కడం మేలు.

నలుగురి మాట

డబ్బు సంగతి కుట్టుతో తేలిపోయింది. మాట సంగతి కుట్టుతో తేలదు. ఎవరూ ఏమీ అనరు అని నేను చెప్పను, అంటారు. మొదటిసారే మార్కెట్ రోడ్డు మీదికి పోనక్కర్లేదు. ముందు ఇంట్లో, తర్వాత మిద్దె మీద, తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి. ఒక్కరే పోతే వింతగా చూస్తారు, ముగ్గురు పోతే ఏదో ఫంక్షన్ ఉందనుకుంటారు. ఫోటోలు తీసుకోండి, కానీ ఇల్లు, వీధి గుర్తుపట్టేలాగ ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంకా ఫోటోలు పంపమంటే జవాబు ఇవ్వొద్దు.

ఇంట్లో మాత్రం ఒకటి జరుగుతుంది. రెడీమేడ్ గౌను పార్శిల్‌లో వస్తే అమ్మ అడిగేది ధర. బీరువాలో చీర తీసి, కొలిచి, కుచ్చు పోస్తుంటే అడిగేది వేరే. "ఆ కుచ్చు సమానంగా రాలేదు, ఇటు ఇవ్వు" అంటుంది. "గంజి ఇంత పలచగానా పెట్టేది?" అంటుంది. తన బుట్ట చేతుల జాకెట్టు ఎవరు కుట్టారో చెప్తుంది. ఆ చెయ్యి పడిన తర్వాత ఆ గౌను ఇంట్లో అందరిదీ అవుతుంది. బయటి మాటకు అడ్డం నిలబడేది కూడా ఆ చెయ్యే.

గౌను మానేసే వయసు ఒకటి ఉందని మనకు చిన్నప్పుడు చెప్పారు. ఆ వయసును ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు. మీకు ఇష్టమైతే, ఈ ఆదివారం బీరువా తెరిచి చూడండి. ముందు తెల్ల చొక్కా, తర్వాత నూలు చీర. ఒకేసారి అన్నీ అక్కర్లేదు. తలపట్టీ ఒక్కటి కుట్టుకున్నా మొదలుపెట్టినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో పీటర్ పాన్ కాలరు కాగితం మీద గీసి, కత్తిరించి చూపిస్తాను. పాత న్యూస్ పేపరు, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఉంటాను మరి.